జిప్సీలో నాన్న సీటు

మా బాబాయ్ సెకండ్ హ్యాండ్‌లో మారుతి జిప్సీ కొన్నాడనగానే క్లాస్‌లో అందరూ అడిగింది ఒకటే: "రూఫ్ టెంట్ ఉందా? వించ్ ఉందా?" లేవు బ్రో. రీల్స్‌కి పనికొచ్చేవేవీ మా బండిలో లేవు.

జిప్సీ మన దేశంలో 1985లో వచ్చింది. ఆర్మీ వాళ్లు ఏళ్ల తరబడి వాడారు. 1.3 లీటర్ పెట్రోల్ ఇంజిన్, తేలికైన బండి. ఫోర్ వీల్ కావాలంటే మాత్రం దిగి, ముందు చక్రాల హబ్బులు చేత్తో తిప్పి లాక్ చేయాలి. ఆ డ్యూటీ నాది. ఒక్కటే బాధ, ముందూ వెనకా కమాన్ కట్టలే. చిన్న గుంట కూడా నేరుగా నడుముకి తెలుస్తుంది.

నాన్నకి రెండేళ్ల క్రితం నడుం ఆపరేషన్ అయింది. అప్పట్నుంచీ "మీరెళ్లి రండి, నేను ఇంట్లో ఉంటా" అనడం ఆయనకి అలవాటైపోయింది. అందుకే బాబాయ్ ముందు లైట్ల జోలికి పోలేదు. కమాన్లు మెత్తటివి వేయించాడు, షాక్ అబ్జార్బర్లు మార్చాడు, ముందు సీటుకి మంచి ఫోమ్ కుట్టించాడు. మట్టి రోడ్డెక్కగానే టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తాం. దానికి పైసా ఖర్చు లేదు, కుదుపు మాత్రం బాగా తగ్గుతుంది. మళ్లీ కొట్టుకోడానికి చిన్న పంపు ఉంది. వెనక బెంచీల మీద ప్లైవుడ్ చెక్క పరిస్తే ఒకరు పడుకోవచ్చు, కాస్త ముడుచుకుని.

డిసెంబర్‌లో రాజమండ్రి నుంచి మారేడుమిల్లి బయల్దేరాం. రంపచోడవరం దాటాక బాబాయ్ పక్కకి చూసి, "అన్నయ్యా, కాసేపు ఆపనా?" అన్నాడు.

"ఇంకొంచెం పోనీరా" అన్నారు నాన్న.