పన్ను డబ్బూ, మా యింటిపేరూ

మా పెద్దలు యెన్ని తరాల క్రిందట కోయంబత్తూరు వచ్చి స్థిరపడ్డారో మా యింట్లో యెవరికీ లెక్క తెలియదు. అటువంటి ఊరు విడిచి, మెల్బోర్నులో ఉన్న అమ్మాయి దగ్గరకు వెళ్ళిపోదామని 2024 ఉగాదినాడు నిశ్చయించుకున్నాము. ఇత్తడి బిందెలు యెవరికివ్వాలి, మంచాలు యెవరికివ్వాలి అని తర్జనభర్జన పడుతుండగా పన్ను సంగతి బయటపడింది.

మా వారు రిటైరైన తరువాత మా ఆదాయమల్లా డిపాజిట్ల మీది వడ్డీయే. 2023-24లో అది 1,84,000 రూపాయలు. ఆ మాత్రం ఆదాయానికి మేము కట్టవలసిన పన్ను యేమీ లేదు. అయితే 60 యేండ్లు నిండినవారు ఆ సంగతి తెలుపుతూ యేటా బ్యాంకుకు ఇవ్వవలసిన 15హెచ్ ఫారం ఆ యేడు ఇవ్వడం మరచాము. మోకాలి ఆపరేషనుతో ఆసుపత్రి చుట్టూ తిరగడమే సరిపోయింది. పెద్దవారికి వడ్డీ 50,000 దాటితే నూటికి పది వంతున పట్టుకోవాలని అప్పటి నిబంధన. బ్యాంకువారు 18,400 పట్టుకుని ప్రభుత్వానికి జమకట్టారు. తప్పు వారిది కాదు, మాదే.

“పోనీలే అమ్మా, యీ వయసులో ఆ తిరుగుడు యెందుకు?” అన్నది అమ్మాయి ఫోనులో.

కాని ఆ డబ్బుకు మేము ముందే ఒక ఖర్చు వ్రాసి పెట్టుకున్నాము. 22 యేండ్లు మా యింట పనిచేసిన మనిషి కూతురు నర్సింగు చదువుతున్నది. అక్టోబరు ఫీజు మేము కడతామని మాట ఇచ్చాము. మిగిలిన సొమ్మంతా టిక్కెట్లకూ, వీసాకూ సరి. మాట తీర్చకుండా విమానమెక్కడానికి మాకు మనస్కరించలేదు.

ఆడిటరుగారి దగ్గరకు వెళ్ళాము. 26ఏఎస్ అనే పట్టీలో మా 18,400 భద్రంగా కనిపించింది. జూలై 31 గడువులోగా రిటర్ను దాఖలు చేసి, ఆధారుతో జతపడిన ఫోనుకు వచ్చిన అంకెలు వేసి ధ్రువపరచాము. ఆగస్టులో కబురు వచ్చింది: లెక్క ఒప్పుకున్నారు, డబ్బు మాత్రం ఖాతాలో పడలేదు!

కారణం పేరు. పాస్‌బుక్కులో మా వారి పేరు ముందు ‘ఆర్’ అనే ఒక్క అక్షరం ఉంది. తమిళనాట వాడుక ప్రకారం అది తండ్రిగారి పేరులోని మొదటి అక్షరం. పాన్ కార్డులో ఆ అక్షరమే మామగారి నిండు పేరయి, చివరకు వచ్చి కూర్చున్నది. కంప్యూటరు దృష్టిలో వీరిద్దరూ వేరు వేరు మనుషులు. అసలు యింటిపేరు రెండింటిలోనూ లేదు. అది మా పెండ్లి శుభలేఖలోనే మిగిలిపోయింది.

బ్యాంకులో ఒక అమ్మాయి కాగితాలు తిరగవేసి, “ఆర్ అంటే ఊరా, తండ్రిగారా?” అని తమిళంలో అడిగింది.

“మా నాయనగారమ్మా,” అన్నారు మా వారు పొరబాటున తెలుగులో.

ఆ పిల్ల ముఖం వికసించింది. “మరి మీ యింటిపేరేమిటండీ?” అని తెలుగులోనే అడిగింది. చెప్పాము. తన యింటిపేరు యేమిటో నాయనమ్మను అడగాలన్నది.

మూడుసార్లు తిరిగాక పాన్ కార్డు ప్రకారం ఖాతాలో పేరు సరిదిద్దారు. ఖాతాను మళ్ళీ ధ్రువపరచి, డబ్బు తిరిగి పంపవలసిందని మనవి పెట్టాము. సెప్టెంబరు చివరి వారంలో 18,860 వచ్చింది. అదనపు 460 రూపాయలు ప్రభుత్వం ఇచ్చిన వడ్డీ, నెలకు నూటికి అర్ధరూపాయి చొప్పున అయిదు నెలలకు. ఆ వడ్డీనీ ఆదాయంలో చూపాలని ఆడిటరుగారు చెప్పగా నవ్వుకున్నాము. ఫీజు రసీదు ఆ పిల్ల స్వయంగా తెచ్చి చూపించింది.

విదేశం వెళ్ళబోయే మనవారికి మా మనవి ఒక్కటే. ఊరు విడవకముందే పాన్, ఆధార్, పాస్‌బుక్కు మూడూ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూసుకోండి. ఇక్కడి ఫోను నెంబరు పోనివ్వకండి. అక్కడ స్థిరపడిన తరువాత 15హెచ్ చెల్లదు. ఖాతా ఎన్ఆర్ఓగా మారితే వడ్డీలో నూటికి 30 వంతున, పైన సెస్సు పట్టుకుంటారు. 2026 ఏప్రిల్ 1 కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ గనుక, ఫారాల నెంబర్లు ఆడిటరును అడగడం మంచిది.

ప్రయాణానికి ముందురోజు మా వారు కొత్త పాస్‌బుక్కు అట్ట వెనుక పెన్సిలుతో మా యింటిపేరు వ్రాసుకున్నారు. బ్యాంకువారు అడగకపోయినా, మనుమరాలు అడుగుతుంది గదా!