అంట్ల పీచు మీద పాట కట్టిన ఊరు

మన వంటింట్లో పుట్టే పాటలకి లెక్కుందా చెప్పండి! కూరలు తరుగుతూ ఒకటి, పసివాణ్ణి భుజాన వేసుకుని పాలు కాస్తూ ఒకటి. కానీ అంట్లు తోమే పీచు మీద ఎవరైనా పాట కట్టగా విన్నారా? నేనైతే యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా వినలేదు. విన్నది ఎక్కడనుకున్నారు? జపాన్ దేశంలో, ఒసాకాలో!

మా అమ్మాయి ఉద్యోగరీత్యా అక్కడ ఉంటోంది. "ఒక్క నెల ఉండి వెళ్ళమ్మా" అని ఏడాదిగా పోరుతుంటే, కందిపొడీ చింతపండూ సర్దుకుని బయల్దేరాను. గుళ్ళూ కోటలూ చూసి వచ్చి మీకు చెబుదామనే వెళ్ళాను. తీరా చూస్తే నాకు బాగా గుర్తుండిపోయినవి అవి కావు.

ఒసాకా భోజనప్రియుల ఊరు. ఈ మాట అన్నది నేను కాదు, ఆ ఊరివాళ్ళే. తిని తిని దివాలా తీయడానికి వాళ్ళ భాషలో ప్రత్యేకంగా ఓ మాట ఉంది: కుయిదావోరే. పూర్వం దేశం నలుమూలల నుంచీ బియ్యం ఇక్కడికొచ్చి అమ్ముడుపోయేదిట. అందుకని దీన్ని 'దేశానికి వంటిల్లు' అనేవారు. దోతోంబోరి అనే కాలవ గట్టున సాయంత్రం నడిచారంటే కళ్ళు చెదిరిపోతాయి. ఓ హోటలు గోడ మీద కాళ్ళాడించే బ్రహ్మాండమైన ఎండ్రకాయ బొమ్మ! ఆ వీధిలో తకోయాకి అని వేస్తుంటారు. పెనం చూస్తే అచ్చం మన గుంత పొంగనాల పెనమే. నోరూరింది గానీ, లోపల పెట్టేది ఆక్టోపస్ ముక్క అని తెలిశాక దణ్ణం పెట్టి ఇవతలకొచ్చాను. మా అమ్మాయి ఇంట్లో అదే పెనం మీద క్యాబేజీ, మొక్కజొన్న గింజలు వేసి చేసిపెట్టింది. బాగానే ఉన్నాయి.

ఓ శనివారం సాయంత్రం "నీకో వింత చూపిస్తా, పద" అంది. అమెరికామురా అనే పేట ఉంది అక్కడ, కుర్రకారు తిరిగే చోటు. ఒక మేడ పక్కన ఇరుకు మెట్లు దిగి నేలమాళిగలోకి తీసుకెళ్ళింది. దాన్ని 'లైవ్ హౌస్' అంటారుట. మన పెళ్ళివారి విడిదిలో పెద్దగది పాటి ఉంటుంది, అంతే. కుర్చీలుండవు. లోపలికెళ్ళేటప్పుడు టిక్కెట్టుతో పాటు ఒక డ్రింకుకి కూడా డబ్బు కట్టాలి. నేను ఆరెంజ్ జ్యూస్ తీసుకుని గోడకి చేరగిలబడ్డాను. అమ్మాయి నా చెవుల్లో దూదిలాంటి బిరడాలు పెట్టింది. అవి లేకపోతే ఈ పాటికి నాకు వినపడేది కాదేమో!

వేదిక మీదికి ముగ్గురు ఆడపిల్లలొచ్చారు. ఇద్దరు గిటార్లు, ఒకమ్మాయి డ్రమ్స్. అరగంట వాయించారు. అది సంగీతమా గోలా అని నన్నడగొద్దు. నేను చూసింది ఆ తరువాతది. పాట ఆగిన మరుక్షణం ముగ్గురూ వంగి వైర్లు చుట్టుకోవడం మొదలెట్టారు, మనం పేరంటం అవగానే తాంబూలం పళ్ళాలు సర్దినట్టు! తరువాతి బృందం వాళ్ళకి చోటివ్వాలి కదా. డ్రమ్స్ లైవ్ హౌస్‌వే ఉంటాయిట, తాళాల్లాంటి సింబల్సూ, చిన్న డ్రమ్మూ మాత్రం ఎవరివి వాళ్ళే మోసుకొచ్చుకోవాలి. వీపుకి గిటార్లు తగిలించుకుని, ఆఖరి రైలు తప్పిపోకుండా పరుగులాంటి నడకతో వెళ్ళిపోయారు.

"బాగా వస్తాయేమే వీళ్ళకి డబ్బులు?" అన్నాను.

"రావడమా! చాలాసార్లు వాళ్ళే కడతారమ్మా. ఇన్ని టిక్కెట్లు అమ్మిపెట్టాలని లైవ్ హౌస్ వాళ్ళు ముందే ఒప్పందం పెడతారు. తక్కువ పడితే తేడా డబ్బులు వీళ్ళ చేతి నుంచే."

"మరెందుకే ఈ బాధ?"

అది జవాబు చెప్పలేదు. మర్నాడు నేను సింకు దగ్గర నిలబడి అంట్లు తోముతుంటే సెల్‌ఫోనులో ఓ పాట పెట్టింది. హుషారుగా ఉంది, చిన్నపిల్లలు ఆటలాడుతూ పాడినట్టు. "అర్థమైందా? నీ చేతిలో ఉన్నదాని మీదే!" అంది.

నా చేతిలో ఉన్నది తవాషి. కోడిగుడ్డు ఆకారంలో గుండ్రంగా చుట్టిన పీచు బ్రష్షు. మన కొబ్బరి పీచుకి చదువూ సంస్కారం వస్తే అలా ఉంటుంది! ఇందులో 'తాబేలు పిల్ల' మార్కు అని ఒకటుంది, 1907 నుంచీ జపాన్ వంటిళ్ళలో ఉంది. దాని మీద పాట కట్టింది షోనెన్ నైఫ్ అనే ముగ్గురమ్మాయిల రాక్ బ్యాండ్. ఈ ఒసాకా వాళ్ళే. ఇక అక్కణ్ణుంచి మా అమ్మాయి చెప్పిందీ, నేను కూర్చుని తెలుసుకున్నదీ కలిపి చెబుతాను వినండి.

1981 డిసెంబరులో మొదలైందీ కథ. నవోకో యమనో, ఆమె స్నేహితురాలు మిచియే నకతాని, నవోకో చెల్లెలు అత్సుకో. పగలు ఆఫీసు ఉద్యోగాలు, వీలున్నప్పుడు పాటలు. సంగీత విద్వాంసులేం కారు, వాయిస్తూ నేర్చుకున్నారు. పేరు ఎలా పెట్టుకున్నారో తెలుసా? పెన్సిలు చెక్కుకునే చిన్న చాకు మీద 'షోనెన్ నైఫ్', అంటే కుర్రాడి చాకు, అని ముద్ర ఉందిట. అదే! పాటలు వేటి మీదంటే చాక్లెట్ల మీద, అరటికాయ చిప్స్ మీద, సూషీ మీద, సైకిలు తొక్కడం మీద. మగవాళ్ళ బ్యాండ్లు లోకం మీద కోపంతో కేకలు వేస్తుంటే, వీళ్ళు చిరుతిళ్ళ గురించి పాడారన్నమాట. ఈ తవాషి పాట 1983లో వచ్చిన 'బర్నింగ్ ఫార్మ్' రికార్డులో ఉంది.

ఆ రికార్డు 1985లో అమెరికాలో ఒక చిన్న కంపెనీ క్యాసెట్టుగా వేసింది. పెద్ద ప్రచారమేమీ లేదు, ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి పోయింది, మన పక్కింటావిడ దగ్గర పచ్చడి కొలతలు పోయినట్టు. 1989లో అమెరికన్ బ్యాండ్లు చాలా కలిసి వీళ్ళ పాటలే పాడి ఏకంగా ఒక ఆల్బమ్ తెచ్చాయి. అప్పటికి వీళ్ళు అమెరికాలో కచేరీలు చేసిందే లేదనుకోవచ్చు. 1991 చివర్లో నిర్వాణ అనే బ్యాండు ఇంగ్లండు పర్యటనలో తమకంటే ముందు వాయించమని వీళ్ళని పిలిచింది. ఆ నిర్వాణ అప్పుడప్పుడే ప్రపంచాన్ని ఊపేస్తోంది. వీళ్ళకి మాత్రం వాళ్ళెవరో తెలియదు! నవోకో వాళ్ళ ఫొటో చూసి, ఆ వాలకానికి భయపడిపోయానని తరువాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. తీరా కలిస్తే మంచి పిల్లలేనట.

ఆ రంగురంగుల స్టేజీ దుస్తులు ఎవరు డిజైను చేసేవారనుకున్నారు? చెల్లెలు అత్సుకోయే. ముగ్గురికీ ఒకే తీరు గౌన్లు. మనం పండక్కి ఒకే తానులో అక్కాచెల్లెళ్ళకి పరికిణీలు కుట్టించమూ, అలాగ.

విదేశీ పర్యటన అంటే విమానాలూ, పూలగుత్తులూ అనుకుంటున్నారేమో. కాదు, వ్యాను! ఇలాంటి స్వతంత్ర బ్యాండ్లకి అమెరికాలో అయినా ఐరోపాలో అయినా వ్యానే ఇల్లు. పొద్దున్నే లేచి నాలుగైదు వందల కిలోమీటర్లు ప్రయాణం. మధ్యాహ్నం దిగి సామాను దింపుకోవడం, మైకులూ అవీ సరిచూసుకోవడం, ఎదురుచూడడం, వాయించడం. మళ్ళీ సామాను ఎక్కించుకుని ఏ అర్ధరాత్రో చౌక హోటలుకి. రోజంతా పడ్డ పాట్లలో వాయించేది గంట, గంటంపావు. మిగతాదంతా మూతా, సర్దుడూ, లెక్కలూ. ఎక్కడైనా ఒకరోజు ఖాళీ దొరికితే బట్టలు ఉతుక్కునే చోటు వెతుక్కోవడం. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఇదంతా నాకు తెలిసిన పనే కదా! పదిమందికి వండి, వడ్డించి, మళ్ళీ కడిగి బోర్లించేదాంట్లో, వాళ్ళు తిన్నది ఇరవై నిమిషాలు.

డబ్బు సంగతీ అంతే. కచేరీకిచ్చే పారితోషికం వ్యాను అద్దె, పెట్రోలు, హోటలు, కుదిర్చిన ఏజెంటు వాటాలతోనే హరించుకుపోతుంది. నాలుగు రాళ్ళు మిగిల్చేది ఆఖర్న పెట్టే బల్ల, టీషర్టులూ రికార్డులూ అమ్మే బల్ల. షోనెన్ నైఫ్ వాళ్ళు పాట అయ్యాక స్వయంగా ఆ బల్ల దగ్గర నిలబడి సంతకాలు పెట్టిస్తారు. పెద్ద కంపెనీల రికార్డులు వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు.

అయితే ఈ రోడ్లు ఊరికే పోనివ్వవు. 1999లో మిచియే తప్పుకున్నారు. ఆ తరువాత కొన్నేళ్ళు వీళ్ళకి డ్రమ్స్ వాయించిన అమ్మాయి మానా నిషియురా. 2005 నవంబరులో మరో జపాన్ బృందంతో అమెరికా వెళ్ళి, న్యూజెర్సీలో వ్యాను ప్రమాదంలో చనిపోయింది. ఆ సంగతి చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఊరుగాని ఊరు, ఏదో తెల్లవారుజాము ఫోను మోగడం, ఇంటి దగ్గర తల్లి... ఆడపిల్ల దూరదేశంలో ఉన్న మీలాంటి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పక్కగదిలో మా అమ్మాయి పడుకుందో లేదో లేచి చూసొచ్చాను.

మరుసటేడాది ప్రాంతంలో అత్సుకో కూడా పెళ్ళయి లాస్ ఏంజిలిస్ వెళ్ళిపోయారు. అంటే మొదలెట్టిన ముగ్గురిలో నవోకో ఒక్కరే మిగిలారు. మనమైతే ఏం చేస్తాం? అటకెక్కించేస్తాం. ఆవిడ కొత్త అమ్మాయిల్ని వెతుక్కున్నారు. వాళ్ళు కొన్నేళ్ళుండి వెళ్ళిపోతే మళ్ళీ వెతుక్కున్నారు. అమెరికాలో పర్యటనలున్నప్పుడు చెల్లెలొచ్చి కలిసేది. 2016లో అత్సుకో పూర్తిగా తిరిగొచ్చేశారు. కోవిడ్ రోజుల్లో వ్యాన్లూ విమానాలూ అన్నీ ఆగిపోయాయి. 2023లో మళ్ళీ కొత్త ఆల్బమ్ వచ్చింది. నవోకోకి అరవై దాటాయి. ఇప్పటికీ పాటల్లో తిండి ఉంది. 2014 ఆల్బమ్‌లో రామెన్ మీద, గ్రీన్ టీ మీద కూడా రాశారు, మరి ఒసాకా పిల్ల కదా!

ఇంతకీ నేను అటక అన్నాను చూశారూ... నా మాటా చెప్పేస్తాను. పెళ్ళికి ముందు ఏడేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. పెళ్ళిచూపుల్లో వాయించాను కూడా. అందరూ బాగుందన్నారు. అదే నా ఆఖరి కచేరీ. ఎవరూ వద్దన్నారని కాదు సుమండీ! మా అత్తగారు రెండుసార్లు అడిగారు కూడా. నేనే, రేపు, వచ్చేవారం, పిల్ల బడికెళ్ళాక అంటూ ఉండిపోయాను. ఒకసారి ఇల్లు మారినప్పుడు పెట్టె అటక మీదికి వెళ్ళింది, ఇప్పటిదాకా దిగలేదు.

బయల్దేరే ముందురోజు బజారుకెళ్ళి తాబేలు మార్కు తవాషిలు అరడజను కొన్నాను, తోటికోడళ్ళకీ వదినకీ ఇవ్వడానికి. ఒక్క సలహా: వాడాక నీళ్ళు విదిలించి, కొక్కేనికి వేలాడదీసి ఆరబెట్టండి, చాన్నాళ్ళు వస్తుంది. నాన్‌స్టిక్ గిన్నెల జోలికి మాత్రం తీసుకెళ్ళకండి, గీతలు పడతాయి.

ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేశాను. "ఏవండీ, అటక మీద నా వయొలిన్ పెట్టె ఉంటుంది, కాస్త దింపి చూడండి" అన్నాను.

"ఎందుకు? ఎవరైనా కొంటామన్నారా?" అన్నారు మావారు.

"ముందు దింపండీ!"

పది నిమిషాలాగి మళ్ళీ ఆయనే చేశారు. పెట్టె బాగానే ఉందిట, తీగలు తుప్పు పట్టాయిట, కమాను వెంట్రుకలు పురుగు కొట్టేసిందిట. "పారెయ్యనా?" అని అడిగారు.

కొత్త వెంట్రుకలు వేయించడానికి ఎంతవుతుందో మన బజారు చివర వాద్యాల షాపులో కనుక్కోమన్నాను.