స్టేషనుకు గుడివాకిలి

గడచిన మాఘమాసమున బంధువుల యింట వివాహమునకై కరీంనగరమున రైలెక్కి వరంగల్లులో దిగితిమి. స్టేషను వెలుపలికి వచ్చి బండికొఱకు నిలిచియుండగా మా చిన్నది వెనుకకు తిరిగి చూచి, "అమ్మా, మనం గుడిలకెళ్లి వచ్చినమా?" అని యడిగెను. నవ్వితిమి గాని, బదులు వెంటనే తోచలేదు.

2025వ సంవత్సరము మే 22వ తేదీన మా కరీంనగరము, బేగంపేట స్టేషనులతో పాటు వరంగల్లు స్టేషనును గూడ క్రొత్తగా తీర్చి ప్రారంభించిరి. వరంగల్లునకు కాకతీయుల శిల్పరీతిని గైకొనిరి. కాకతీయులనగానే మన కన్నులకు కట్టునవి కోటలోని కీర్తితోరణములు. అచ్చటి స్వయంభూదేవాలయము శిథిలమైపోయెను. నాలుగు దిక్కుల నాలుగు తోరణములు మాత్రము నిలిచియున్నవి. వానిపై హంసలు, మకరములు, తామరమొగ్గలు కలవు గాని దేవతామూర్తులు లేవు. అందువలననే కోటను గెలిచినవారు వానిని పడగొట్టలేదని కొందఱు చరిత్రకారు లందురు. గుడి పోయినను వాకిలి మిగిలినది. ఆ మాటయే మా చిన్నదానికి చెప్పితిమి. అన్ని మతములవారు మూటలతో వచ్చిపోవు చోటికి అట్టి వాకిలి తగియే యున్నది.

అయినను ఒక్క సందేహము మమ్ము విడువలేదు. రాతిలో ఉలి తీర్చిన రూపమును నేటి గోడపై నిలిపిన మాత్రమున అది మన శిల్పమగునా? జావాద్వీపమున సోలో నగరపు బలపాన్ స్టేషనును 1927లో తీర్చిన థామస్ కార్‌స్టెన్ అను డచ్చి శిల్పి, ఆ దేశపు అంతస్తుల కప్పును దానికి పెట్టెను. ఎండకును వానకును తగినట్లు అచ్చటివారు తరతరములుగా కట్టుకొన్న కప్పది. నీడనిచ్చు అలంకారము మాకు మిక్కిలి నచ్చినది. చంటిబిడ్డతో రైలుకై కాచుకొనియున్న తల్లి చూపు ముందు గాలి వచ్చు దిక్కునకే పోవును గదా!

మా కరీంనగరమునకును ఒక యలంకారము కలదు, వెండి తీగపని. ఎలగందులలో పుట్టి మా యూరికి వచ్చిన విద్య. వెండిని కమ్మచ్చు రంధ్రములగుండ సన్నని తీగగా లాగి, రెండు తీగలు పురిపెట్టి, చదును చేసి, చుట్టలు చుట్టి చట్రమున అమర్చి అతుకుదురు. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. దీని యందమంతయు తీగకు తీగకు నడుమ నున్న సందులోనే యున్నది. కావున గోడపై బొమ్మగా గీసిన నది చచ్చును. స్టేషనులలో స్త్రీలు కూర్చుండు గదుల కిటికీలకు జాలిగా నమర్చిన, గాలియు వెలుతురును అందుండి వచ్చును.

ఊరికి మరలిన పిదప ఈ మాట మా వీధిలోని తీగపనివానితో అంటిమి. ఆయన కుమారుడు పని విడిచి హైదరాబాదున కొలువునకు పోయినాడు. కమ్మచ్చు గోడకు వ్రేలాడుచున్నది. "వెండి ధర మండుతున్నదమ్మా, కిటికీలకేడ పెడ్తరు?" అని ఆయన నవ్వెను. ఇనుపతీగతో నైనను ఆ చుట్టలు రావా యంటిమి. కొంతసేపు ఊరకుండి, కన్నద్దములు తీసి తుడుచుకొని, "కిటికీ ఎంత వెడల్పుంటదమ్మా?" అని యడిగెను.