వినేవాళ్లు ఎంతమంది?

'ఒరేయ్, ఇవాళ ఎంతమంది?'

తెనాలి నుంచి రోజూ రాత్రి ఎనిమిదింటికి నాన్న ఫోన్. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే. నా ఆరోగ్యం, ఢిల్లీ చలి, పార్లమెంటులో గొడవలు అన్నీ ఆ తర్వాతే. నలుగురంటే 'సరే' అంటారు. ఆరుగురంటే పక్కగదిలో ఉన్న అమ్మకు వినపడేలా మళ్లీ ఆ అంకె చెప్తారు.

నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. డెబ్భై దాటాక నీటికాసులు ఆయన చూపును మెల్లగా తినేశాయి. పేపరు పోయింది, టీవీ సగం పోయింది, రేడియో మిగిలింది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది 1948లో. అది తనకన్నా మూడేళ్లు పెద్దదని, అందుకే దాని మాట వింటానని ఆయన జోకు. కానీ మూడు దశాబ్దాలకు పైగా క్లాసులో మాట్లాడిన మనిషి పొద్దస్తమానం వింటూ ఎలా కూర్చుంటాడు? బంధువులకు, పాత శిష్యులకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఎత్తేవాళ్లు క్రమంగా తగ్గిపోయారు. వాళ్లను తప్పుపట్టలేను. 1983 ఎన్నికల డ్యూటీ గురించి మొదలుపెట్టారంటే బ్యాలెట్ పెట్టెకు సీలు పడేసరికి నలభై నిమిషాలు. నేను కూడా రెండుసార్లు కావాలనే ఎత్తలేదు.

ఆ రెండోసారి తర్వాత వచ్చిన ఆలోచనే ఇంట్లో రేడియో స్టేషన్. రోజూ సాయంత్రం ఏడింటికి నాన్న మాట్లాడతారు. కావాల్సినవాళ్లు ఎక్కడున్నా వింటారు. వంట చేసుకుంటూ వినొచ్చు, కారు నడుపుతూ వినొచ్చు, విసుగొస్తే కట్టేయొచ్చు. ఎవరూ మొహమాటపడక్కర్లేదు. వాట్సాప్ లేదా అంటారా? వాట్సాప్ కాల్‌లో అవతలివాళ్లు ఊకొట్టాలి. యూట్యూబ్ లైవ్ పెట్టాలంటే అద్దంలా నున్నగా ఉన్న ఫోన్ మీద కళ్లు కనపడని మనిషి ఎక్కడ నొక్కాలి? ఆయనకు కావాల్సింది ఒక్క మీట. పైగా మా నాన్న గొంతును ఫలానా కంపెనీ వాణిజ్య ప్రకటనల మధ్య ఇరికించడం నాకిష్టం లేదు.

ఐస్‌కాస్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. 1990ల చివర ఇంటర్నెట్ రేడియోకు షౌట్‌కాస్ట్ పేరు మోగుతున్న రోజుల్లో, దానికి బదులుగా ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, లోపలి కోడ్ చూసి మార్చుకునేలా కొందరు కుర్రాళ్లు రాశారు. ఇప్పుడు జిఫ్ ఫౌండేషన్ చూసుకుంటోంది. ఎంపీ3 పేటెంట్ల గుత్తాధిపత్యానికి విరుగుడుగా 2002లో ఓగ్ వోర్బిస్ తొలి పూర్తి వెర్షన్‌ను తెచ్చింది వీళ్లే. ఆ ఎంపీ3 లైసెన్సుల వసూలు చివరికి 2017లో ఆగింది. నేను చదివింది రాజనీతిశాస్త్రం కాబట్టి ఈ చరిత్ర బాగానే ఎక్కింది. లైనక్స్ ఎక్కలేదు.

దసరా సెలవులకు తెనాలి వెళ్లి, అరచేతిలో పట్టే రాస్‌బెర్రీ పై కంప్యూటర్, ఒక యూఎస్‌బీ మైకు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. మొదటి రెండు రోజులూ నిశ్శబ్దమే. సాఫ్ట్‌వేర్ నడుస్తోంది, ఎర్రర్ లేదు, శబ్దమూ లేదు. నాన్న ఎదుట కూర్చుని 'హలో, హలో' అంటూ గొంతు పోగొట్టుకున్నారు. మూడో రోజు తెలిసింది, ఆల్సా మిక్సర్‌లో మైకు రికార్డింగ్ మీట ఆఫ్‌లో ఉంది. దానిమీదికి వెళ్లి స్పేస్ బార్ నొక్కాలట. అంతే. రెండు రోజుల విలువ ఒక్క స్పేస్ బార్.

తర్వాత అసలు చిక్కు. నా ప్లాన్ ప్రకారం ఐస్‌కాస్ట్ తెనాలి ఇంట్లోనే ఉండాలి, అందరూ వచ్చి అక్కడ వినాలి. కానీ మా ఇంటికి ఇంటర్నెట్‌లో సొంత చిరునామా లేదు! ప్రపంచంలో పాతతరం ఐపీ చిరునామాలు మొత్తం 430 కోట్లే. అవి చాలక కంపెనీలు వందలాది ఇళ్లను ఒకే చిరునామా వెనక దాచిపెడతాయి. లోపలివాళ్లు బయటికి వెళ్లొచ్చు, బయటివాళ్లు తలుపు తట్టలేరు. మా రౌటర్‌లో 100.64తో మొదలయ్యే అంకె చూసి విషయం అర్థమైంది. సర్వీసు ఇచ్చే కంపెనీకి ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమంది. మూడుసార్లు చేశాను. వినడానికి హక్కు ఉంది, వినిపించడానికి లేదన్నమాట. దీనికి మా పాఠ్యపుస్తకాల్లో మంచి పేర్లే ఉన్నాయి.

పరిష్కారం అడ్డదారిలో దొరికింది. ముంబాయిలో నెలకు నాలుగైదు వందల రూపాయల అద్దెకు ఓ చిన్న సర్వర్ తీసుకుని ఐస్‌కాస్ట్‌ను అక్కడ పెట్టాను. తెనాలిలో డార్క్‌ఐస్ అనే ప్రోగ్రామ్ మైకు శబ్దాన్ని ఓపస్ పద్ధతిలో కుదించి ముంబాయికి తోస్తుంది. బయటికి వెళ్లడమే కాబట్టి మా కంపెనీకి అభ్యంతరం లేదు. సెకనుకు 32 కిలోబిట్లు, అంటే గంటకు సుమారు 14 మెగాబైట్లు. మాటకు ఇది ధారాళం. ఐస్‌కాస్ట్‌తో వచ్చే నమూనా ఫైల్లో పాస్‌వర్డ్ 'హ్యాక్‌మీ' అని ఉంటుంది. అలాగే వదిలేసేవాళ్లకు అదొక వెక్కిరింత. నేను మొదటి రాత్రి అలాగే వదిలేశాను.

మీట కోసం అంకెలు మాత్రమే ఉండే చిన్న కీబోర్డు కొన్నాను. ఐదు మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది, వేలికి తగులుతుంది. ఐదు నొక్కితే కూతపెట్టి మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. తొలిరోజు పక్కగదిలో ఫోన్ పెట్టుకుని విన్నాం. నాన్న దగ్గారు. పదహారు సెకన్ల తర్వాత ఫోన్‌లో అదే దగ్గు. కొత్త శ్రోత ఆగకుండా వినేందుకు ఐస్‌కాస్ట్ చేరగానే 64 కిలోబైట్ల పాత శబ్దాన్ని ఒక్కసారిగా పంపుతుంది. అంత తక్కువ వేగంలో అది పదహారు సెకన్ల మాట అవుతుంది. 'ఆయన దగ్గు ఒకసారి వింటే చాల్లేదా?' అంది అమ్మ. సరిచేయొచ్చుగానీ అలాగే ఉంచాను.

నేను ఢిల్లీ తిరిగొచ్చిన వారానికే కరెంటు పోయి వచ్చి, మైకు నంబరు మారిపోయి, స్టేషన్ మూగబోయింది. నంబరుతో కాకుండా పేరుతో పిలిస్తే ఆ గొడవ ఉండదని అప్పుడు నేర్చుకున్నాను. మాస్టారుగారికి చెప్తే, 'నేను అటెండెన్సులో అదే చేసేవాణ్ని' అన్నారు.

ఇంత సులువుగా ఒక గొంతు డల్లాస్‌లో ఉన్న అక్క కారులోకి వెళ్తుంటే నాకు కొంచెం సిగ్గుగా కూడా ఉంటుంది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న చెప్పింది. హీరో కప్ క్రికెట్ ప్రసార హక్కుల తగాదాలో వచ్చిన తీర్పు అది. ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. ఎంఏలో దానిమీద నేను రాసిన జవాబుకు మంచి మార్కులే పడ్డాయి. కానీ ప్రజలంటే ఎవరో తేలడానికి ఇంకో పుష్కరం పట్టింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో పెట్టుకున్న మన రేడియోను, లైసెన్సు లేదని కొద్ది నెలలకే మూయించారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో, స్టూడియో సిద్ధం చేసుకుని కూర్చుని, 2006 విధానం వచ్చాక 2008లోగానీ గాలిలోకి ఎక్కలేదు. ఇప్పటికీ కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలే తిరిగి వినిపించాలి. మా నాన్న మాత్రం ఇంట్లో కూర్చుని ఏ ప్రభుత్వాన్ని పడితే ఆ ప్రభుత్వాన్ని తిడుతున్నారు.

అయితే గాలిలో వెళ్లే రేడియోకు ఉన్న మర్యాద దీనికి లేదు. ట్రాన్స్‌మిటర్‌కు ఎవరు వింటున్నారో తెలియదు. పదిమంది విన్నా పదివేలమంది విన్నా ఖర్చొకటే. ఐస్‌కాస్ట్‌లో ప్రతి శ్రోతకూ విడిగా ఒక ధార పంపాలి, అందుకని ప్రతి శ్రోత చిరునామా, వచ్చిన సమయం, ఎన్ని సెకన్లు విన్నారన్నది లాగ్ ఫైల్లో పడుతుంది. బాబాయి మూడు నిమిషాలకే కట్టేస్తారని నాకు తెలుసు. మేనత్త చివరిదాకా ఉంటుంది, నిద్రపోతుందేమో తెలియదు. ఓ పాత శిష్యుడు ఎన్నికల కథలు ఉన్న రోజే వస్తాడు. ఇవన్నీ నాకు తెలియకూడని విషయాలు. ఒకసారి నోరుజారి అంకె ఉంటుందని నాన్నకు చెప్పాను. అప్పట్నుంచే ఈ ప్రశ్న.

గత శీతాకాల సమావేశాల్లో ఓ సాయంత్రం సభ ఆలస్యమైంది, నేను గ్యాలరీలో ఉండిపోయాను. అక్క విమానంలో ఉంది. మేనత్తకు జ్వరం. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ మోగేసరికి లాగ్ తెరిచి చూశాను. నాన్న నలభై రెండు నిమిషాలు మాట్లాడారు. వరద నీళ్లలో బ్యాలెట్ పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచిన కథ అయ్యుండాలి, ముందురోజే చెప్తానన్నారు. శ్రోతలెవరూ లేరు. లాగ్‌లో ఉన్నవి రెండే రెండు వరసలు, ఎక్కడివో రోబోలు సర్వర్ తలుపు తట్టి, వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ ఉందా అని అడిగి పోయాయి.

'ఎంతమంది?'

'ఇద్దరు' అన్నాను.

కాసేపు ఏమీ వినపడలేదు. 'హాజరు పట్టీలు నేను కూడా చాలా రాశాన్రా' అన్నారు నాన్న. 'సరే, రేపు అదే కథ మళ్లీ చెప్తాలే. ఏడింటికి గుర్తుపెట్టుకో.'