గవర్నమెంటు లాయరా, ఉత్త లాయరా?

పోస్టు కొంచెం పొడుగైంది, చివర్లో ఒక ప్రశ్న కూడా ఉంది, ఓపిగ్గా చదవండి.

నేను మద్దిలపాలెంలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. లాసెట్ రాస్తానని మొన్న సెలవులకి వెళ్లినప్పుడు ఇంట్లో చెప్పాను. మా అయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగాడు. "గవర్నమెంటు లాయరు అవుతావా, ఉత్త లాయరు అవుతావా?"

భూమి గొడవలో మా చిన్నాన్నని కొట్టిన కేసుకి అయ్య ఆరేళ్లు వాయిదాలు తిరిగాడు. మా తరఫున మాట్లాడాల్సిన ప్రభుత్వ లాయరు కోర్టు మెట్లెక్కుతూ ఫైలు తిరగేసేవాడట. మా ఊరి పేరు కూడా తప్పే చదివాడట. అయినా అయ్యకి ఆ కుర్చీ అంటే గౌరవం పోలేదు. నెలకి జీతం, ఎస్సై కూడా నమస్తే పెడతాడు. ఉత్త లాయరంటే అయ్య లెక్కలో ఫీజు అడిగే మనిషి, అంతే.

తిరిగొచ్చాక బొజ్జా తారకం గారి గురించి చదివాను. కోనసీమలో కందికుప్ప ఆయన ఊరు, 1939లో పుట్టారు. కాకినాడలో, నిజామాబాద్‌లో ప్రాక్టీసు చేశారు, ఎమర్జెన్సీలో జైలుకెళ్లారు, తర్వాత హైకోర్టులో గవర్నమెంటు ప్లీడరయ్యారు. అయ్య కోరుకునే కుర్చీ కంటే పెద్ద కుర్చీ. 1985 జూలై 17న కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు మాదిగల హత్యల దాకా పోయింది. తారకం గారు రాజీనామా చేసేశారు. గవర్నమెంటు ప్లీడరంటే మనసులో ఏమున్నా ప్రభుత్వం మాటే మాట్లాడాలి కదా. బాధితుల పక్క నిలబడాలంటే ఆ కుర్చీలోంచి లేవాలి.

సినిమా అయితే ఇక్కడ ఈలలు పడేవి. తర్వాత జరిగింది చూడండి. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపేస్తే, పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ తీర్పు చూసిన రెండేళ్లకి తారకం గారు పోయారు. కుర్చీ వదిలినంత మాత్రాన కేసులు గెలవలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. వాళ్ల నాన్న అప్పలస్వామి గారు ఎమ్మెల్యేగా చేసిన మనిషి. తారకం గారికి వెనక ఏళ్ల ప్రాక్టీసు ఉంది. నా వెనక ఎకరంన్నర కాఫీ తోట ఉంది, అదీ కాపు బాగుంటేనే. ఆయన్ని తక్కువ చెయ్యడం లేదు, నా లెక్క నేను చూసుకుంటున్నాను.

ఇంకోవైపు వాకపల్లి గుర్తొస్తుంది. 2007లో 11 మంది మన ఆడవాళ్లు పోలీసుల మీద పెట్టిన కేసు. 2023 ఏప్రిల్‌లో ఈ విశాఖలోనే కోర్టు పోలీసుల్ని నిర్దోషులంది, దర్యాప్తు సరిగ్గా జరగలేదని కూడా అంది. అలాంటి కేసులో ప్రాసిక్యూటరు కుర్చీలో మన భాష వచ్చినవాళ్లు ఉండొద్దా? ఉండాలి. కానీ ముద్దాయిలే ప్రభుత్వం మనుషులైతే ఆ కుర్చీలో ఉన్న మనిషి ఎంత గట్టిగా మాట్లాడగలడు? ఇక్కడే నాకు నిద్ర పట్టలేదు. అట్రాసిటీ చట్టం 1995 రూల్స్‌లో ఒక దారి కనబడింది. బాధితులు కోరితే కలెక్టరు బయటి సీనియర్ లాయర్ని ఆ కేసుకి పెట్టొచ్చు, ఫీజు కూడా ప్రభుత్వమే ఇవ్వాలి. అంటే ఉత్త లాయరు కూడా ఆ కుర్చీలో కూర్చోవచ్చన్నమాట.

నిన్న అయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఏపీపీ పరీక్ష రాయాలన్నా ముందు మూడేళ్లు ప్రాక్టీసు ఉండాలి, అంటే ఎటూ మొదట ఉత్త లాయరే అవ్వాలి అన్నాను. అయ్య నవ్వాడు.

"సరే, ఆ మూడేళ్లు ఏం తింటావు?"

నా దగ్గర జవాబు లేదు. విశాఖ కోర్టులో జూనియర్లుగా చేస్తున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే చెప్పండి. సీనియర్ నెలకి ఎంతిస్తారు? రూముకి, తిండికి ఎలా సర్దుకుంటున్నారు? ఉన్నదున్నట్టు రాయండి, అయ్యకి చదివి వినిపించాలి.