చీపురు ఉన్న అక్షరం

నర్సింగ్ పూర్తిచేసిన ఒక అమ్మాయి రోజూ సాయంత్రం నోట్‌బుక్ పట్టుకుని మా ఇంటికొస్తోంది. జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగానికి వెళ్ళాలని ఆమె ఆశ. ఇలాంటి పనులకు మనవాళ్ళను తీసుకోవడానికి 2021 జనవరిలో రెండు దేశాలకూ ఒప్పందం కుదిరింది. ముందు భాష పరీక్ష గట్టెక్కాలి. నాకు జపనీస్ రాదు. సాహిత్యంలో డాక్టరేట్ ఉంది కాబట్టి ఏ భాషైనా చెప్పగలనని వాళ్ళమ్మ నమ్మకం. నిఘంటువు దగ్గర పెట్టుకుని ఇద్దరం కలిసే నేర్చుకుంటున్నాం.

ఇప్పుడు నడుస్తున్న పాఠం ఇంటి శుభ్రం. సోజి అంటే శుభ్రం చెయ్యడం. హోకి చీపురు, చిరితొరి చెత్త ఎత్తే చేట, జోకిన్ తడిగుడ్డ. హకు, ఫుకు దగ్గర మాత్రం ఆగిపోయాం. రెండింటికీ ఎదురుగా ఆమె ‘తుడవడం’ అనే రాసుకుంది. మా తెనాలి వైపు చీపురుతో ఊడుస్తాం, గుడ్డతో తుడుస్తాం. అనకాపల్లిలో చీపురుతోనూ తుడుస్తారు. దిద్దబోయి ఆగాను. తప్పు ఆమె తెలుగుది కాదు కదా! మిగకు మాత్రం ఇట్టే పట్టుబడింది. పళ్ళు తోముకోవడానికీ గిన్నెలు తోమడానికీ వాళ్ళకూ ఒకే మాట.

గృహిణిని షుఫు అంటారు. అందులో ‘ఫు’ అక్షరాన్ని విడదీస్తే ఎడమవైపు స్త్రీ, కుడివైపు చీపురు. అది ఎలా పుట్టిందన్న దానిమీద పండితుల వాదాలుండొచ్చు, కంటికి కనిపించేది అదే. నర్సును కూడా ఒకప్పుడు కంగొఫు అనేవారు, చివర అదే అక్షరం. 2002 మార్చి నుంచి చట్టంలో కంగొషి అయింది. ఈ ‘షి’ ఉపాధ్యాయుల పేరు చివర ఉండేది. చీపురు పోయి ఆ స్థానంలో గురువు వచ్చాడు! నేను ఉత్సాహం పట్టలేక పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఆమె తల వంచుకుని వింది.

వాళ్ళమ్మ అనకాపల్లి వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు. ఉత్తరాంధ్ర పట్టణాల్లో ఈ పని తరాలుగా రెల్లివాళ్ళ మీదే పడింది. తెల్లారకముందే మా గేటు ముందూ ఊడ్చి వెళ్తుంది. ఆ చప్పుడు విని మళ్ళీ నిద్రపోయిన రోజులు నాకు చాలానే ఉన్నాయి. కూతురి పుస్తకంలో చీపురు బొమ్మ చూసి ఆవిడ ఒకటే అడిగింది:

“ఇంత సదివించినాను గదమ్మా, అక్కడా సీపురేనేటి?”

నర్సు పేరులోంచి చీపురు పోయిందని చెబుదామనుకున్నాను. కానీ ఈ అమ్మాయి వెళ్ళేది నర్సుగా కాదు. చేతిలో సర్టిఫికెట్ ఉన్నా అక్కడ అది చెల్లదు. ముసలివాళ్ళకు స్నానం చేయించాలి, తినిపించాలి, పక్కలు మార్చాలి, గదులు తుడవాలి. జీతం ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రుల కన్నా చాలా ఎక్కువ. ఈ మాటల్లో ఏది ముందు చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఆవిడే, “పోన్లెండమ్మా, రోడ్డు మీద కాదు గదా” అని వెళ్ళిపోయింది.

నిన్న సంభాషణ అభ్యాసం. మీ అమ్మగారు ఏం చేస్తారు అన్నది ప్రశ్న. ఆమె తడుముకోకుండా “షుఫు” అంది. ముప్ఫై ఏళ్ళుగా ఊరు ఊడ్చిన మనిషి! నేనేమీ అనలేదు. పుస్తకం మూసేముందు తనే అడిగింది.

“నిజం పని పేరేటి మేడమ్?”

నిఘంటువు తిప్పాను. సేసోయిన్. ఆ మాటలో స్త్రీ లేదు, పురుషుడూ లేడు, శుభ్రం చేసే ఉద్యోగి అంతే. ఆమె పెన్సిల్‌తో షుఫు పక్కనే రాసుకుంది, కొట్టెయ్యలేదు.

“ఇది చెప్తే మార్కులు తగ్గుతాయా మేడమ్?”