2.1 లక్షలు

మా మేనల్లుడు లిథువేనియాలో, కౌనస్‌లో ఎంటెక్ చదువుతున్నాడు. వాడికి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. రోజూ వాల్‌ప్రోయేట్ మాత్ర వేసుకోవాలి. పట్టుకెళ్ళిన మాత్రలు ఇంకో నెలకి సరిపోతాయనగా అక్కడి డాక్టరు పాత రిపోర్టులు లిథువేనియన్‌లో కావాలన్నారట. కాగితాలన్నీ గుణదలలో మా ఇంట్లోనే ఉన్నాయి. పైగా నేను అనువాదాలు చేసేవాణ్ణి. "నువ్వే చూడు మావయ్యా" అన్నాడు.

పడవలరేవు సెంటర్లో అన్నీ స్కాన్ చేయించి ఒక అనువాద సంస్థకి పంపాను. రెండ్రోజుల్లో వచ్చేసింది. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు గానీ అంకెలు చదవగలను కదా! ప్లేట్‌లెట్లు 2.1 అని ఉంది. పక్కనుండాల్సిన 'లక్షలు' ఎగిరిపోయింది. డెంగీ చూసిన ఏ బెజవాడ ఇంట్లోనైనా తెలిసిన లెక్క ఇది: లక్షన్నరకి తగ్గకూడదు. ఆ మాత్ర వల్ల ప్లేట్‌లెట్లు తగ్గే ప్రమాదం ఉందనే వాడికి ఆ పరీక్ష చేయిస్తూ వచ్చారు. ఈ అంకె చూసిన డాక్టరు మందు ఆపేస్తే? ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి.

లిథువేనియా 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది. అక్కడ అమ్మే మందు పెట్టెలో ఉండే కాగితం వాళ్ళ భాషలో ఉండాలి. మరి వాటిని అనువదించేవాళ్ళు ఉంటారు కదా, అలాంటివాళ్ళ కోసం వెతికాను. విల్నియస్‌లో ఒకావిడ దొరికారు, ఒకప్పుడు ఫార్మసిస్టు.

పని మొదలుపెట్టకుండానే ప్రశ్నలు పంపారు. లక్ష అంటే ఎంత? 4/3/2019 మార్చా, ఏప్రిలా? బి.డి. అంటే రోజుకి రెండుసార్లేనా? మాత్రల స్ట్రిప్పు ఫొటో పంపగలరా? ఇక్కడి బ్రాండు పేరు అక్కడ ఎవరికీ తెలియదు, లోపలి మందు పేరు రాయాలి. చివరికి ప్లేట్‌లెట్లు 210 అయ్యాయి. మనం ఘనపు మిల్లీమీటరుకి లక్షల్లో చెబితే, వాళ్ళు లీటరుకి వంద కోట్ల లెక్కన చెబుతారు. రెండూ ఒకటే.

వాల్‌ప్రోయేట్‌ని వాళ్ళు 'వాల్‌ప్రోఆటస్' అంటారు. రామ శబ్దానికి మనం 'డు' చేర్చినట్టు, బయటి మాటలు చాలావాటికి 'అస్' తగిలిస్తారు. ఈ సంగతి ఆవిడే చెప్పారు.

వాడికి మందు రాసిచ్చారు. ఆవిడ తీసుకున్నది మొదటి సంస్థకి ఇచ్చినదానికి మూడింతలు. ఇన్నేళ్ళుగా కథలూ వ్యాసాలూ అనువదించాను గానీ, పని ఒప్పుకునే ముందు ఇన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళని నేను చూళ్ళేదు. ఇకమీదట ఎవరైనా అనువాదకుల గురించి అడిగితే, వాళ్ళు మిమ్మల్ని ఏం అడిగారో ముందు చూసుకోమని చెబుతాను.